చేతిలో తాడు

శనివారం ఒంటిపూట బడి. గంట కొట్టగానే లీలావతి, జీవమ్మ, నారాయణ ముగ్గురూ పలకల సంచులు భుజాన వేసుకుని కుందూ ఒడ్డుకు పరుగెత్తారు.

ఒడ్డున లీలావతి నాయన శేషయ్య నిలబడి ఉన్నాడు. పక్కన గువ్వ ఉంది. గువ్వ అంటే పక్షి కాదు, వాళ్ల గుర్రం. బూడిదరంగుగా ఉంటుందని లీలావతి అవ్వ మహానందమ్మ దానికి ఆ పేరు పెట్టింది. శేషయ్య పొద్దున్నే దాని మీద వంకాయల గంపలు వేసుకుని ఆళ్లగడ్డకు పోయాడు. అవి అమ్మి, విత్తనాల మూటతో ఇప్పుడే తిరిగి వచ్చాడు.

"లీలా, నేను దొర్నిపాడు దాకా పోయొస్తా. గువ్వను ఇంటికి తోలుకోని పో. తాడు..."

"చేతిలోనే ఉండాల. పుట్టికి కట్టగూడదు. తెలుసు నాయనా."

"తెలిస్తే సరే. ఇంద, పట్టుకో."

వాళ్ల ఇళ్లు తిప్ప మీద ఉన్నాయి. కుందూ ఏరు అక్కడ రెండు పాయలుగా చీలిపోయి, కొంత దూరం పోయాక మళ్లీ కలుస్తుంది. మధ్యలో మిగిలిన నేలే తిప్ప. ఆరు ఇళ్లు, జొన్నచేలు, వంగతోటలు, ఒడ్డు పొడుగునా తెల్లటి ఇసుక. ఎండాకాలంలో ఒక పాయ ఎండిపోతుంది, నడిచి దాటవచ్చు. తక్కిన రోజుల్లో పుట్టి ఎక్కాల్సిందే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తిప్ప మీది వాళ్లు కర్నూలుకు పోవాలన్నా, పక్క ఊరి బడికి పోవాలన్నా మొదట పుల్లయ్య పుట్టిలో కాలు పెట్టాలి. పుల్లయ్య జీవమ్మకు నాయన.

పుట్టి అంటే గుండ్రటి పడవ. వెదురు బద్దలతో పెద్ద బుట్టలాగా అల్లి, అడుగున తోలు బిగిస్తారు. తెడ్డు వేయడం ఆపితే గిరగిరా తిరుగుతుంది. పెద్దవాళ్లు ఎవరూ లేనప్పుడు పుల్లయ్య కావాలనే నాలుగు చుట్లు తిప్పేవాడు. పిల్లలు కేకలు పెట్టి నవ్వేవాళ్లు.

గుర్రాన్ని మాత్రం పుట్టిలో ఎక్కించలేరు. అది వెనకాల ఈదుకుంటూ రావాలి. పుట్టిలో ఒకరు దాని తాడు చేత్తో పట్టుకుని కూర్చుంటారు. తాడును ఎందుకు కట్టేయకూడదో పుల్లయ్య పిల్లలకు చాలాసార్లు చెప్పాడు.

"కాళ్లకు నేల తగిలితే గుర్రం నిలబడతాది. పుట్టి నిలబడదు. అప్పుడు తాడు విడిచేయాల. కట్టేసింటే యాడ విడుస్తావు?"

ఆ రోజు పుట్టిలో ఆ ముగ్గురు పిల్లలు, పుల్లయ్య, విత్తనాల మూట, అంతే. లీలావతి అంచున కూర్చుని తాడు పట్టుకుంది. గువ్వ ముక్కు పైకెత్తి, చెవులు వెనక్కి పెట్టి, బుస్సుబుస్సుమంటూ ఈదుతోంది.

నారాయణ తువ్వాలు మూట విప్పాడు. కమ్మటి వాసన వచ్చింది. లోపల ఎనిమిది జొన్నకంకులు. పచ్చివి, నిప్పుల మీద కాల్చినవి. ఒడ్డు మీది ఊళ్లో ఉన్న వాళ్ల అత్త బడి నుంచి వచ్చే దారిలో ఇచ్చింది. అవి వేడిగా ఉన్నప్పుడే రెండు అరచేతుల మధ్య నలపాలి, పొట్టు ఊదాలి. చేతిలో మిగిలే లేత గింజలే ఊసబియ్యం. చల్లారితే ఆ రుచి రాదు.

జీవమ్మ ఒక కంకి తీసుకుని నలిపింది. నారాయణ రెండు తీసుకున్నాడు.

"నాకూ పెట్టు రా," అంది లీలావతి.

"నలుపుకోమే. నేనేమైనా నీ పనోడినా?"

"యాడ నలుపుకోను? చేతిలో తాడు ఉండాది గదా."

"అయితే చూస్తా కూచో. నీ వంతు కూడా నేనే తింటాలే!"

నారాయణ గింజలు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, తల ఊపుతూ నమిలాడు. లీలావతికి నోరూరింది. పుల్లయ్య అటు తిరిగి తెడ్డు వేస్తున్నాడు. ఒక్క కంకే కదా, ఒక్క నిమిషమే కదా అనుకుంది. తాడును పుట్టి అంచు బద్దకు చుట్టి ఒక ముడి వేసింది. అది వదులుగా అనిపించి, ఇంకో ముడి వేసింది.

కంకి వేడిగా ఉంది. నలిపింది. పొట్టు ఊదింది. గింజలు నోట్లో వేసుకుంది.

మొన్నటి వరదకు ఏటి మధ్యలో నీళ్ల కింద ఇసుక మేట వేసింది. అది ఎవరికీ తెలియదు. గువ్వ కాళ్లకు నేల తగిలింది. హాయిగా లేచి నిలబడి ఒళ్లు విదిలించుకుంది. నీళ్లు మాత్రం పుట్టిని లాక్కుపోతూనే ఉన్నాయి. తాడు బిగుసుకుంది. పుట్టి అంచు నీళ్లలోకి వంగింది.

"తాడు విడుసు! లీలా, తాడు విడుసు!" పుల్లయ్య వెనక్కి తిరగకుండానే, తెడ్డుతో పుట్టిని నిలపబోతూ అరిచాడు.

లీలావతి ముడి మీదికి దూకింది. తడిసిన ముడి రాయిలాగా బిగుసుకుపోయింది. వేళ్లు జారుతున్నాయి. నీళ్లు గుబగుబా లోపలికి వచ్చాయి. ఫటుక్కున అంచు బద్ద విరిగింది. పుట్టి ఒక్క ఊపున అటు ఒరిగింది. జీవమ్మ నీళ్లలో పడిపోయింది.

జీవమ్మకు ఈత వచ్చు. కానీ అక్కడ నీళ్ల లాగుడు ఎక్కువ. రెండుసార్లు తల మునిగింది. ఇంతలో గువ్వ మేట మీంచి నీళ్లలోకి దూకి ఆ వైపే ఈదింది. జీవమ్మ చేయి చాచి దాని జూలు పట్టుకుంది. ఇద్దరూ కొట్టుకుపోయి, బాగా కిందగా తిప్ప ఒడ్డుకు చేరారు. పుల్లయ్య సగం మునిగిన పుట్టిని ఎలాగో గట్టుకు తోసి, పిల్లలను దింపి, కూతురి కోసం ఇసుకలో పరుగెత్తాడు.

కూతురు బాగానే ఉందని చూసుకుని, వెనక్కి వచ్చాక పుట్టిని తిరగేశాడు. విరిగిన అంచును చూశాడు.

"ఇదేందీ, ఇట్ల ఇరిగిపోయింది? గుర్రం కాలుతో తన్నిండాదా? లీలా, నువ్వు తాడు విడిచినావు గదా?"

లీలావతి అవునన్నట్టు తల ఊపింది.

నారాయణ తల వంచుకుని తడిసిన తువ్వాలు పిండుతూ ఉండిపోయాడు. కంకులు తెచ్చింది తనే కదా.

సాయంత్రం ఇంటికి వచ్చిన శేషయ్య అంతా విన్నాడు. తడిసిన విత్తనాలను చాప మీద ఆరబోస్తూ అన్నాడు, "దాన్ని అమ్మేస్తా. ఆళ్లగడ్డ జనార్దనం శెట్టి జట్కాకు గుర్రం కావాలని అడుగుతాండాడు."

మహానందమ్మ అరుగు మీంచి గయ్యిమంది. "ఏందిరా నువ్వు చెప్పేది? నాకు జ్వరం వస్తే ఆస్పత్రికి మోసుకపోయింది అదే గదా!"

"మోసింది. కాదనలే. నడినీళ్లలో పుట్టిని తన్నే జీవాన్ని ఎట్ల పెట్టుకునేదిమ్మా? ఈ పొద్దు జీవమ్మ బతికింది. రేపు ఇంకో బిడ్డకు ఏమన్నా అయితే?"

లీలావతి గోడ పక్కన నిలబడి అంతా విన్నది. చెప్పాలనుకుంది. నాయన ముఖం చూసి, మాట మింగేసింది.

శెట్టి గురువారం వస్తానని కబురు పంపాడు.

ఆది, సోమ, మంగళవారాలు గడిచాయి. లీలావతి రోజూ గువ్వను నీళ్లకు తోలుకుపోయేది. ఇంతకుముందైతే దాని వీపు మీద ఎక్కి తిప్ప చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేది. ఇప్పుడు ఎక్కాలనిపించలేదు. పీచుతో ఒళ్లు రుద్దేది. గువ్వ మూతితో ఆమె అరచేయి వెతికేది, జొన్నలు ఉన్నాయేమోనని.

బుధవారం సాయంత్రం జీవమ్మ ఇసుకలోకి వచ్చింది. పావడా బొడ్డు దగ్గర నుంచి ఏదో తీసి లీలావతి చేతిలో పెట్టింది. జానెడు వెదురు బద్ద. ఒక కొస విరిగి ఉంది.

"గువ్వ తాడుకు యాలాడుతాండె. రెండు ముడులు. ఒడ్డుకొచ్చినంక నేనే విప్పినా."

లీలావతికి చెవులు వేడెక్కాయి. "మీ నాయనకు చెప్పినావా?"

"లే."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తావనుకున్నా," అంది జీవమ్మ. "దినామూ చూస్తాండా. రేపు శెట్టి వస్తాడంట. నన్ను ఒడ్డుకు తెచ్చింది గువ్వ. నువ్వు కాదు."

ఆ మాట అని వెళ్లిపోయింది. ఎప్పటిలా చేయి పట్టుకుని రమ్మనలేదు.

మరునాడు పొద్దున జనార్దనం శెట్టి, విరిగిన అంచుకు అప్పటికి తాళ్లు చుట్టి బిగించిన పుట్టిలోంచి దిగాడు. లావుపాటి మనిషి. దిగగానే ఇసుకలో కూలబడి, "అప్పా, ఇది పడవా, గానుగా? కడుపులో పేగులన్నీ చుట్టుకుపోయినాయి," అన్నాడు. కాసేపటికి లేచి, గువ్వ నోరు తెరిచి పళ్లు చూశాడు. కాళ్లు తడిమాడు. వీపు చరిచాడు.

"గుర్రం బాగుండాది శేషయ్యా. నీళ్లంటే పేచీ పెడితే నాకేం? మా వీధుల్లో నీళ్లు యాడివి? అంతా కంకర్రాళ్లే. కండ్లకు గంతలు కట్టి తోలుకుంటా."

గువ్వ శెట్టి భుజం మీంచి లీలావతి వైపు చూసింది. చెవి ఒకటి ఇటు తిప్పింది.

లీలావతి ఇంట్లోకి పరుగెత్తింది. పలకల సంచి అడుగున దాచిన వెదురు బద్ద తీసుకుని, అంతే వేగంగా తిరిగి వచ్చింది. దాన్ని నాయన చేతిలో పెట్టింది.

"ఏందిది?"

"పుట్టి బద్ద. తాడు నేనే కట్టినా నాయనా. ఊసబియ్యం తినేకి చేతులు కావాలని కట్టినా. గువ్వ తన్నలే. ఊరికే నిలబడింది. పుల్లయ్య మామ విడుసు అనింటే, ముడి రాలే. అడిగితే విడిచినా అని తల ఊపినా."

అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పారిపోకుండా అక్కడే నిలబడింది.

శేషయ్య బద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత శెట్టి చేతిలోంచి గువ్వ తాడు తీసుకున్నాడు.

"గుర్రాన్ని అమ్మను శెట్టీ. తప్పు దానిది కాదు."

"ఇదేందప్పా! మళ్లా ఆ గానుగలో ఎక్కి పోవాలనా?" శెట్టి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "కడుపు తిప్పినందుకైనా రెండు శేర్ల వంకాయలు పెట్టప్పా."

"తోటలోకి పోదాం రా. నీకు కావలసినన్ని కోసుకో."

వెళ్లబోతూ శేషయ్య కూతురి వైపు తిరిగాడు. "ఆ పొద్దే ఎందుకు చెప్పలే?"

"కొడతావని."

"ఇప్పుడు కొట్టనా?"

లీలావతి ఆలోచించింది. "కొట్టు," అంది.

శేషయ్య కొట్టలేదు. బద్దను ఆమెకు తిరిగి ఇచ్చాడు. "పుట్టి నాది కాదు. పో, పుల్లయ్యకు చెప్పు."

పుల్లయ్య అంతా విని, "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క మాట లీలావతికి తిట్టు కంటే కష్టంగా అనిపించింది. కాసేపటికి కొడవలి, కొత్త వెదురు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"కొస పట్టుకో. నేను చీలుస్తా. కదిలిచ్చొద్దు."

మూడు సాయంత్రాలు లీలావతి వెదురు పట్టుకుంది. అరచేతుల్లో పేళ్లు గుచ్చుకున్నాయి. మూడో రోజు పుట్టికి కొత్త అంచు వచ్చింది. కంకులు తెచ్చింది తానేనని నారాయణ కూడా వచ్చి చెప్పి, తోలుకు నూనె పూశాడు.

"తాడు మాత్రం పదైదు దినాలు నీ చేతికియ్యను," అన్నాడు పుల్లయ్య. "జీవమ్మ పట్టుకుంటాది."

పదిహేను రోజులూ లీలావతి మధ్యలో కూర్చుంది. తాడు పట్టుకున్న జీవమ్మ చేతులను చూస్తూ దాటింది. ఒకటి రెండు రోజులు జీవమ్మ మాట్లాడలేదు. మూడో రోజు, "ఏమే, అట్ల చూస్తాండావు, నా చేతులకేమైనా బంగారు గాజులుండాయా?" అంది. ఇద్దరూ నవ్వారు.

పదహారో రోజు ఒడ్డున పుల్లయ్య తాడు తెచ్చి లీలావతి చేతిలో పెట్టాడు.

పుట్టి కదిలింది. గువ్వ ముక్కు పైకెత్తి వెనకాల ఈదుతోంది. నారాయణ తువ్వాలు విప్పాడు. అత్త కాల్చి ఇచ్చిన కంకులే. చేలల్లో గింజ ముదిరిపోతోంది, ఈ ఏటికి ఇవే చివరివి. వేడివేడిగా పొగ వస్తోంది.

"లీలా, ఒకటి తీసుకోమే. మళ్లా దొరకవు."

లీలావతి కంకుల వైపు చూసింది. తాడు వైపు చూసింది. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

"జీవీ, నువ్వు నలిపి నా నోట్లో ఎయ్యి," అంది నోరు తెరుస్తూ.

"ఓహో, మారాణి!" అంది జీవమ్మ. కానీ పెద్ద కంకి ఎంచుకుని నలిపింది. పొట్టు ఊదింది. గింజలు లీలావతి నోట్లో పోసింది. సగం గడ్డం మీంచి జారి ఒళ్లో పడ్డాయి.

నోరు నిండా నములుతుండగా చేతిలో తాడు బిగిసింది. వెనకాల గువ్వ మేట మీద లేచి నిలబడింది.

లీలావతి రెండు చేతులూ విప్పింది. తాడు సర్రున జారి నీళ్లలో పడింది. పుట్టి కొంచెం కూడా ఊగలేదు. గువ్వ ఒళ్లు విదిలించుకుని, మళ్లీ నీళ్లలోకి దిగి, తాడు లాక్కుంటూ వాళ్ల వెనకే వచ్చింది.