రేపల్లె ఆసుపత్రి వరండాలో

అంగలకుదురులో జమాలుద్దీన్ ఇంట్లో ఆ రోజు కూడా అందరికంటే ముందు లేచింది దూది ఏకే విల్లే. వసారాలో అది టంగుమంటుంటే, కోడలు మస్తాన్ బీ పొయ్యి రాజేస్తూ చెవి ఒగ్గి వింది. భర్త సుభాని ఏకితే ఆ చప్పుడు ఒకే దరువున సాగేది. మామగారు ఏకుతుంటే మధ్యమధ్యలో ఆగిపోతోంది. భుజం నొప్పని ఎప్పుడో పక్కన పెట్టిన విల్లును, కొడుకు పోయాక మళ్ళీ చేతబట్టాడాయన.

సుభాని ఎండాకాలంలో పోయాడు. బూరుగుదూది మూట సైకిలుకు కట్టుకుని రేపల్లె నుంచి వస్తుంటే, ఓ రైసుమిల్లు యజమాని కొడుకు కొత్త మోటారు సైకిలు మీద వెనక నుంచి వచ్చి గుద్దాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఇప్పుడు వానలు పడుతున్నాయి. భర్త పోయిన ఆడది గడప దాటకుండా ఉండే ఇద్దత్ రోజులు మొన్ననే ముగిశాయి.

ఆమె అన్న మౌలాలి అందుకోసమే కాచుకుని ఉన్నాడేమో, బాపట్ల నుంచి పొద్దుటి బండికే దిగాడు. చెప్పులైనా విప్పలేదు.

"చీర మార్చుకో చెల్లాయ్. బాపట్లలో బసవేశ్వరరావు గారని మంచి ప్లీడరున్నారు. ఆ మోటారు సైకిలుకి ఇన్సూరెన్సు ఉంటుందంట. దావా వేస్తే కంపెనీయే కట్టాలంట. పిల్లకో దారి దొరుకుద్ది."

విల్లు ఆగింది. "ఎందుకయ్యా ఇప్పుడు కోర్టులు?" అన్నాడు జమాలుద్దీన్, తలెత్తకుండానే.

"ఎందుకా? ఆ కుర్రాడు అదే బండి మీద తెనాలి బజార్లో తిరుగుతున్నాడు మావయ్యా. మొన్న నన్ను రాసుకుంటూ పోయాడు. పైగా హారనొకటి!"

ముసలాయన మళ్ళీ దూది మీదికి వంగాడు. నిద్రపోతున్న పిల్లను అత్త గౌస్ బీకి అప్పజెప్పి, మస్తాన్ బీ అన్న వెంట బయల్దేరింది.

ప్లీడరు గారి వరండాలో బల్లలు నిండిపోయి ఉన్నాయి. తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"ఈ మోటారు సైకిళ్ళు పెరిగాక ఇలాంటి చావులూ పెరిగాయమ్మా," అన్నాడాయన మెల్లగా. "దావా వెయ్యొచ్చు. ఆరు నెలల్లోపు గుంటూరులో జిల్లా జడ్జి గారి దగ్గర అర్జీ పెట్టాలి. గడువుంది. కానీ మీ అన్నయ్య చెప్పాక రేపల్లెలో అడిగించాను. శవపరీక్ష చేయించలేదా?"

"లేదండి."

"పోలీసు కేసూ లేదు. సైకిలు మీద కళ్ళు తిరిగి తనే పడిపోయాడని మీ మామగారే చెప్పారట."

మస్తాన్ బీకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. "చూసినోళ్ళున్నారండి," అంది.

"ఉన్నారు. అందరూ ఆ మిల్లుకి ధాన్యం తోలేవాళ్ళే. కన్నతండ్రి అలా చెప్పాక వాళ్ళు బోనెక్కి ఇంకోలా చెబుతారా? నేను దావా వెయ్యగలను తల్లీ. గెలిపించలేను."

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీలోంచి బొగ్గు నుసి కళ్ళలో పడుతున్నా ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

ఇంటికొచ్చేసరికి జమాలుద్దీన్ దూదికుప్ప ముందే ఉన్నాడు. ఆమె నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఎందుకు చెప్పారు మావయ్యా ఆ మాట? మీ కొడుకుని చంపినోడికి మీరే సాక్ష్యం పలికారా?"

ఆయన విల్లు పక్కన పెట్టాడు.

"మిల్లోళ్ళింట పెళ్ళికి పరుపులు కుట్టాలిగా. ఆ బేరం పోద్దనుకున్నారా? చెప్పండి!"

"పద చెల్లాయ్," అన్నాడు మౌలాలి. "పిల్లని తీసుకో. బాపట్ల పోదాం."

"తప్పు నాదేనమ్మా," అన్నాడు జమాలుద్దీన్. "పిల్లకి ఇప్పుడే మళ్ళీ కునుకు పట్టింది. లేచాక తీసుకెళ్ళు."

గడపలో నిలబడ్డ గౌస్ బీ ఇక ఆగలేకపోయింది. "చాల్లే! ఎన్నాళ్ళు మోస్తావయ్యా దీన్ని?"

"గౌసూ, నోరు ముయ్యి!"

ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. అయినా గౌస్ బీ ఆగలేదు.

"మస్తానూ, ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఏం చేశావో గుర్తుందా?"

గుర్తుంది. భర్త జుట్టు నిండా బూరుగుదూది పట్టుకుని ఉంది. "దూది తీశాను," అంది.

"దూది తీస్తూ తీస్తూ వచ్చి ఈయన కాళ్ళు పట్టుకున్నావు. 'ఆయన్ని కొయ్యనివ్వకండి మావయ్యా, పొద్దు గుంకేలోపు ఇంటికి తీసుకెళ్ళి మట్టి చేద్దాం, కత్తి పడితే నేనూ చస్తా' అని తల గోడకేసి కొట్టుకున్నావు. బండి గుద్దిందంటే కొయ్యాల్సిందే, తనే పడ్డాడంటే ఇప్పుడే తీసుకుపోండి అన్నాడు హెడ్డు కానిస్టేబులు. ఈయన నీ మొహం చూశాడు. కళ్ళు తిరిగి పడ్డాడు సార్ అన్నాడు. ఆ మాట అనేసి, బయటికెళ్ళి భళ్ళున కక్కుకున్నాడు."

మస్తాన్ బీ చెయ్యి నుదుటి మీది మచ్చ దగ్గరికి పోయింది. స్పృహ తప్పి పడ్డప్పుడు తగిలిన దెబ్బ అనుకుంటోంది ఇన్నాళ్ళూ.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?" అంది.

"చెబితే ఏమొస్తదమ్మా? నా మీద కోపమైతే నువ్వు పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తావు. నీ మీద నీకే కోపమొస్తే ఎట్టా లేస్తావు?"

ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన తల నిమరబోయి, చేతికంటిన దూది ఆమె జుట్టుకు అంటుతుందని ఆగిపోయాడు.

తెనాలి రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. నలుగురూ అటు తిరిగారు.

మస్తాన్ బీ కొంగుతో మొహం తుడుచుకుని దూదికుప్ప పక్కకు జరిగింది. సుభానికి అందించినట్టే, కొంచెం దూది తీసి విల్లు కిందికి నెట్టింది.

"మెల్లగా కానీండి మావయ్యా."

విల్లు టంగుమంది. రెండు దెబ్బలకే ఆగిపోయింది. ఆయన భుజం పట్టు విడిచేదాకా ఆమె దూది పట్టుకుని అలాగే కూర్చుంది. గడప దగ్గర మౌలాలి వంగి చెప్పులు విప్పాడు.