నలభై ఒకటో పేజీ, ఆరో లైను

"అన్నా, ఇది పది రూపాయలేనా?"

గురుప్రసాద్ తలెత్తి చూశాడు. అడిగిన అమ్మాయి చేతిలో రబ్బరు బ్యాండు వేసిన, సాల్ట్ గేట్ అని రాసిన నాలుగు ఫ్లాపీలున్నాయి. బయట వాన. ఆ పూట గొడుగు లేని వాళ్లు చాలామంది అతని కొట్లోకి వచ్చి, ఏమీ కొనకుండా నిలబడి, వాన తగ్గగానే వెళ్లిపోయారు. ఈ అమ్మాయీ అంతేననుకున్నాడు.

"పదే. తొంభై ఒకటి నాటి గేమ్ అది. పదమూడేండ్లయింది."

ఇది 2004 జూలై నాటి సంగతి. నంద్యాల గాంధీ చౌక్‌లో తండ్రికి స్టీలు సామాన్ల అంగడి ఉంటే, దాని పక్క సందులో గురుప్రసాద్ పాత కంప్యూటర్లూ గేమ్‌లూ అమ్మేవాడు. ధరల విషయంలో అతనికో పద్ధతి ఉంది. కొత్త గేమ్ నూట ఇరవై. ఏడాది దాటితే అరవై. రెండేళ్లయితే ముప్పై. అలా దిగుతూ పది దగ్గర ఆగిపోతుంది. క్రికెట్ గేమ్‌లూ కార్ల రేసులూ అరవైకి దిగేలోపే అమ్ముడుపోయేవి. పది దగ్గర దుమ్ము పట్టి కూర్చున్నవన్నీ రోల్ ప్లేయింగ్ గేమ్‌లే. నలుగురు మనుషుల్ని తయారు చేసుకుని, పేర్లు పెట్టి, ఊరూరూ తిప్పి, అడిగిన వాళ్లకు సాయం చేసి, అడ్డమొచ్చిన వాళ్లతో కొట్లాడి, నెలల తరబడి ఒక కథను గెలిచే ఆటలు. నంద్యాలలో వాటిని ప్రాణంగా ఇష్టపడేది ఒక్కడే. కొట్టు కూడా వాడిదే కాబట్టి కొనేవాడు కాదు.

"దీంతో పుస్తకం రావాల గదా. యాడుంది?" అంది ఆ అమ్మాయి.

"లేదు. మూతపడిన ట్రైనింగ్ సెంటర్ సామాన్లలో ఫ్లాపీలు మాత్రమే దొరికినాయి. అందుకే ఆడేకి రాదు. పెట్టంగానే కోట వాకిట్లో కావలోడు నిలబెడతాడు. పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా మాట ఏందో చెప్పమంటాడు. చెప్తేనే లోపలికి. దొంగ కాపీలు చేసుకోకుండా కంపెనీ వాళ్లు పెట్టిన తిరకాసు. నేను రెండేండ్లుగా ఆ వాకిలి దాటలే."

"సాల్ట్ గేట్ పుస్తకం మా ఇంట్లో ఉండాది."

గురుప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. ఫ్లాపీలు ఆమె చేతిలోంచి మర్యాదగానే వెనక్కి తీసుకున్నాడు.

"అయితే ఐదొందలు."

"ఏందీ?"

"పుస్తకం లేనోళ్లకు పది. ఉన్నోళ్లకు ఐదొందలు. లేనోళ్లకు అది ఉత్త ప్లాస్టిక్. ఉన్నోళ్లకు గేమ్."

ఆమె కొంగు పిండుకోవడం ఆపి అతని వైపు తిరిగింది. "నా పుస్తకం వల్ల నీ సరుక్కు ధర వస్తే, ఆ వచ్చింది నాదా నీదా?"

షావుకారు ఇంట్లో పుట్టి ఇరవై ఐదేళ్లొచ్చినా గురుప్రసాద్‌ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"పోనీ, పుస్తకం నాకమ్ము. రెండొందలిస్తా."

"ఫ్లాపీలు లేనోళ్లకు రెండొందలు. ఉన్నోళ్లకు వెయ్యి."

వాన తగ్గింది. ఆమె వెళ్లలేదు. పేరు దీక్షిత అనీ, ఆళ్లగడ్డలో నాలుగు రోడ్ల దగ్గర వాళ్లకు కిరాణా కొట్టు ఉందనీ, డిగ్రీ సర్టిఫికెట్ కోసం నంద్యాల వచ్చిందనీ మాటల్లో తెలిసింది. చిన్నప్పుడు మేనమామ బెంగళూరు నుంచి ఆ గేమ్ డబ్బా తెచ్చాడట. ఇంటికి సున్నాలు వేసినప్పుడు ఫ్లాపీలు తడిసి పాడైపోయాయి. పుస్తకం మిగిలింది. ఇంట్లో కంప్యూటర్ లేదు.

"అరవై నాలుగు పేజీలు. పదిసార్లన్నా చదివింటా. ఉప్పు కోటకు ఏ సందులోంచి పోవాలో గూడా తెలుసు. ఒక్కసారి గూడా చూడలే."

ఆ మాటతో గురుప్రసాద్ బేరం మానేశాడు. వాకిట్లో ఆగిపోయినవాడికి, దారి తెలిసి కూడా చూడనివాళ్ల బాధ అర్థమవుతుంది. అతనికి ఆమె నచ్చిందని కూడా చెప్పాలి, కానీ ఆ సంగతి అతనికే ఇంకో రెండు నెలల దాకా తెలియలేదు.

చివరికి ఒప్పందం ఆమే చెప్పింది. ఎవరూ ఎవరికీ ఏమీ అమ్మరు. కావలివాడు అడిగినప్పుడల్లా అతను ఆళ్లగడ్డ కొట్టుకు ఫోన్ చేయాలి. ఆమె పుస్తకం చూసి మాట చెబుతుంది. బదులుగా లోపల ఏముందో అతను చూసి ఆమెకు చెప్పాలి.

"మద్యాన్నం రెండున్నరకు చెయ్యి. మా నాయన భోంచేసి పండుకుంటాడు. కొట్లో నేనూ మా అవ్వే ఉంటాం."

* * *

"పన్నెండు, తొమ్మిది, నాలుగు."

"పన్నెండో పేజీ, తొమ్మిదో లైను, నాలుగో మాట. ఆగు... రివర్."

"ఆ. తలుపు తీసినాడు."

"ఏం కనపడతాంది?"

"గోడలు."

"ఎట్లాంటి గోడలు?"

"గోడల మాదిరే ఉండాయి."

"రంగు చెప్పు మహానుభావా."

"బూడిద."

"కాదే. పుస్తకంలో నీలం అని ఉండాది. ఉప్పు గోడలు వెన్నెల్లో నీలంగా మెరుస్తాయంట."

"దీంట్లో ఉండేదే పదహారు రంగులు. వెన్నెల కాడికొచ్చేసరికి అయిపోయినాయేమో."

ఆమె నవ్వు ఫోన్లో వినబడింది. గురుప్రసాద్ ఆ రోజు ఇద్దరు కస్టమర్లకు వాళ్లు అడిగిన దానికన్నా తక్కువ ధరకే సరుకు ఇచ్చేశాడు.

మొదట్లో అతనికి చెప్పడం చేతకాలేదు. "బావి ఉండాది", "ముసలోడు ఉండాడు" అని తేల్చేసేవాడు. ఆమె ఊరుకునేది కాదు. బావికి గిలక ఉందా, ముసలాయన కూర్చున్నాడా నిలబడ్డాడా అని ఆరా తీసేది. ఆమె అడుగుతుందని అతను ముందే చూసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గేమ్‌లో ఉన్న నలుగురిలో విల్లు పట్టుకున్న మనిషికి తన పేరు పెట్టమంది. పేరుకు ఎనిమిది అక్షరాలే పడతాయి. ఆమె పేరు ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిదే. అది తనకేదో మేలు జరిగినట్టు గురుప్రసాద్ సంతోషించాడు.

మొదటి రోజు అన్నా అని పిలిచింది గదా, ఆగస్టు వచ్చేసరికి ఆ పిలుపు మానేసింది. బదులుగా ఇంకేమీ పిలవలేదు. అతనికి అదే చాలా బాగుంది.

వినాయక చవితి నాటికి అతనికి ఒక సంగతి అర్థమైంది. కావలివాడికి వచ్చిన ప్రశ్నలు ముప్పై రెండే. వాటినే తిప్పి తిప్పి అడుగుతున్నాడు. గురుప్రసాద్ మొదటి రోజు నుంచీ ప్రతిదీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. మూడు అంకెలు, పక్కన మాట. ఇప్పుడు ముప్పై రెండూ ఉన్నాయి. ఇక ఆళ్లగడ్డకు ఫోన్ చేయాల్సిన పని లేదు.

మరుసటి రోజు రెండున్నరకు ఫోన్ చేశాడు.

"ఇరవై మూడు, రెండు, ఏడు."

"ఇరవై మూడో పేజీ..." ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. "ఆగు, చూస్తాండా."

నవంబరులో బెంగళూరు నుంచి ఒకాయన ఈమెయిల్ పెట్టాడు. పాత గేమ్‌లు సేకరించే మనిషి. ఫ్లాపీలతో పాటు పుస్తకం కూడా ఉంటే సాల్ట్ గేట్‌కు ఎనిమిది వేలిస్తానన్నాడు. పది రూపాయల కాగితం అంటించిన సరుకు. గురుప్రసాద్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. అమ్మితే సగం ఆమెకివ్వొచ్చు. కానీ రెండున్నరకు ఎవరికి ఫోన్ చేయాలి? పుస్తకం లేదని జవాబు రాసేశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

* * *

ఇబ్బంది వచ్చింది అవ్వ వల్ల.

వెంకటరమణమ్మకు డెబ్బై ఏళ్లు. మధ్యాహ్నం పూట కొట్లో బియ్యం బస్తా ఆనుకుని కునుకు తీస్తున్నట్టే ఉంటుంది, చెవులు మాత్రం తెరిచే ఉంటాయి. ఐదు నెలలుగా మనవరాలు రోజూ అదే వేళకు ఫోనెత్తి మూడు అంకెలు అప్పజెప్పడం, తర్వాత ఏదో ఇంగ్లీషు మాట చెప్పి నవ్వడం వింది. రోజూ వచ్చే అంకెలంటే ఆమెకు తెలిసింది ఒకటే. మట్కా. చిన్న కొడుకు ఆ అంకెల జూదంలోనే ఒక కొట్టు పోగొట్టుకుని ఊరొదిలి వెళ్లాడు.

పెద్ద కొడుకు సోమశేఖర్‌కు చెప్పింది. ఆయన మరుసటి రోజు భోజనం చేసి పడుకోకుండా కొట్టుకొచ్చి, కూతుర్ని లోపలికి పంపి ఫోన్ పక్కన కూర్చున్నాడు.

రెండున్నరకు మోగింది. ఎత్తి ఊరుకున్నాడు.

"నలభై ఒకటి, ఆరు, మూడు," అంది అవతలి గొంతు హుషారుగా.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు సోమశేఖర్.

గురుప్రసాద్ ఫోన్ పెట్టేసి పారిపోదామనుకున్నాడు. పారిపోతే ఆ ఇంట్లో ఆమె ఒక్కతే జవాబు చెప్పుకోవాలి. పేరు చెప్పాడు, కొట్టు ఎక్కడో చెప్పాడు.

"రేపు పది గంటలకు వస్తాండా. యాడికీ పోవాకు," అన్నాడు సోమశేఖర్.

ఆ రాత్రి ఆళ్లగడ్డలో దీక్షిత ఏడ్చింది. పుస్తకం చూపించినా తండ్రి నమ్మలేదు. అంకెలు ఎందులోనైనా దాస్తారు అన్నాడు. "అది జూదమైతే ఆ పిల్లోని మొగం మళ్లీ చూసేది లేదు. కొట్లో ఫోన్ గూడా పీకిస్తా," అన్నాడు. చిన్నాన్న వెళ్లిపోయినప్పుడు కూడా ఆయన ఇలాగే నెమ్మదిగా మాట్లాడాడని ఆమెకు గుర్తుంది. అందుకే భయం.

* * *

ముగ్గురూ వచ్చారు. సోమశేఖర్, దీక్షిత, కచ్చితంగా తానూ వస్తానని పట్టుబట్టిన అవ్వ. జూలై తర్వాత గురుప్రసాద్ దీక్షితను చూడడం అదే మొదలు. ఐదు నెలలు గొంతు మాత్రమే విన్నాడు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో అట్ట చిరిగిన సాల్ట్ గేట్ పుస్తకం. అవ్వకు కుర్చీ వేసి, కంప్యూటర్ ఆన్ చేశాడు.

"సార్, ఇది ఆట. జూదం కాదు. ఈ కావలోడు అడుగుతాడు, చూడండి."

తెర మీద కోట వాకిలి వచ్చింది. కావలివాడు వచ్చాడు. సోమశేఖర్ కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "పేజీ నలభై ఒకటి. లైను ఆరు. మాట మూడు."

దీక్షిత పుస్తకం విప్పబోయింది. ఇంకా నలభై ఒకటో పేజీ రానేలేదు. కంగారులో గురుప్రసాద్ అలవాటుగా మాట కొట్టేసి ఎంటర్ నొక్కాడు. తలుపు తెరుచుకుంది.

"చూసినారా సార్? అంతే. మట్కా కాదు."

"అదైతే కాదులే," అన్నాడు సోమశేఖర్. నలభై ఏళ్లుగా తూకం కాటా మీద నుంచి కన్ను తీయని మనిషి ఆయన. "పుస్తకం తెరవకముందే మాట ఎట్ల తెలిసింది నీకు?"

గురుప్రసాద్ సొరుగు లాగి నోటుబుక్కు తీసి ఇచ్చాడు. ముప్పై రెండు వరసలు.

"అన్నీ రాసి పెట్టుకున్నావే. ఎప్పట్నుంచి ఉండాయి?"

"వినాయక చవితి నుంచి."

"ఇది డిసెంబరు."

"అవును సార్."

"మరి ఫోన్ ఎందుకు చేసినావు?"

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని గురుప్రసాద్ వెతికాడు. దొరకలేదు. "మాట కోసం కాదు సార్. మాట్లాడేకి చేసినా."

"నాయనా," అంది దీక్షిత. గొంతు చిన్నగానే ఉంది గానీ తడబడలేదు. "ఆయప్పను ఒక్కన్నే అడగొద్దు." పుస్తకం తెరిచి చూపించింది. అతను అడిగిన ప్రతి మాట కింద పెన్సిల్ గీత ఉంది. అడిగినప్పుడల్లా ఒకటి. కొన్నిటి కింద మూడు, కొన్నిటి కింద ఐదు. "అడిగిందే అడుగుతాండాడని నాకూ తెలుసు. తెలిసే చెప్పినా."

గురుప్రసాద్ ఆ గీతల్ని చూశాడు. ఇరవై మూడో పేజీలో ఒక మాట కింద ఏడున్నాయి. అతని ముఖంలో వచ్చిన సంతోషాన్ని దాచుకునే తెలివి ఆ క్షణంలో అతనికి లేకపోయింది.

"అయితే మట్కా కాదా?" అంది అవ్వ. కొంచెం నిరాశ పడ్డట్టే ఉంది.

సోమశేఖర్ లేచి అలమరలో గేమ్‌ల మీది ధరలు చదువుతూ నడిచాడు. కోపం వస్తే ఆయన అంతే, ఎదురుగా ఏ సరుకుంటే దాని ధర చూస్తాడు. "ఈ ఆట ఎంత?" అన్నాడు.

"పది."

"పుస్తకంతో కలిపితే?"

"బెంగళూరాయప్ప ఒకరు ఎనిమిది వేలన్నాడు సార్."

దీక్షిత చటుక్కున తల తిప్పింది. "ఎప్పుడు? నాకు చెప్పలేదే?"

"పోయిన నెల. పుస్తకం లేదని రాసినా."

"పది రూపాయల సరుక్కు ఎనిమిది వేలొస్తే అమ్మలేదా నువ్వు?" సోమశేఖర్ నమ్మలేకపోయాడు. "షావుకారు కొడుకువి గదప్పా."

"అమ్మాలనిపించలేదు సార్."

ఆయన మళ్లీ అలమర వైపు తిరిగాడు. దీక్షిత కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చుంది. తెర మీద కోట కనబడుతోంది. ఆమె ఎప్పుడూ చూడని కోట. బాణం గుర్తున్న మీట ఒకటి మెల్లగా నొక్కింది. నలుగురూ ఒక అడుగు ముందుకు కదిలారు. ఎడమ సందులోకి తిప్పింది, ఎవరినీ అడగకుండానే.

"బూడిదే," అంది గోడల్ని చూసి. "నువ్వు చెప్పింది నిజమే."

"కొంచెం నీలం గూడా ఉండాది," అన్నాడు గురుప్రసాద్. లేదు. ఉన్నది బూడిదే.

వెనక నుంచి సోమశేఖర్ అడిగాడు. "మీది ఏ గోత్రమప్పా?"

గురుప్రసాద్ తిరిగి చూసి చెప్పాడు. అవ్వ పెదాలు కదుపుతూ రెండుసార్లు అనుకుని చూసుకుంది. "మనది కాదు. పనికొస్తాది," అంది.

సోమశేఖర్ జేబులోంచి పెన్ను తీశాడు. ముప్పై రెండు వరసల నోటుబుక్కులో ఖాళీ పేజీ తిప్పి, కౌంటర్ మీద పెట్టుకున్నాడు.

"మీ నాయన నంబర్ చెప్పు. ఈసారి ఫోన్ నేను చేస్తా."

గురుప్రసాద్ చెప్పాడు. తడబడి ఒక అంకె తప్పు చెప్పి, మళ్లీ సరిగా చెప్పాడు. సోమశేఖర్ ఒక్కో అంకె రాస్తుంటే, అవ్వ కుర్చీలోంచి ముందుకు వంగి వాటిని మెల్లగా అప్పజెప్పింది.