ఎవరో కొనిచ్చిన టపాసులు

దినూషికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. జనం సంబరంగా ఉన్న చోట తుపాకీ పేలడం. భయపడ్డ జనం కనీసం పరిగెత్తుతారు. సంతోషంగా ఉన్న జనానికి అది తుపాకీ అని కూడా తెలియదు. చప్పట్లు కొడుతూనే ఉంటారు.

ఆ భయం సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. సీక్రెట్ ఏజెంట్లు ఇలాంటివి చెప్పుకునే చోటు శ్రీలంకలో ఎక్కడా లేదు.

ఆ ఉదయం చేపల లారీ వెనక, ఐసు పెట్టెల మధ్య ఆమె పైఅధికారి మేజర్ లియనగె ఎదురుగా కూర్చుని ఉన్నాడు. లారీ మిరిస్వెల ఊరి వైపు పోతోంది.

"డీఐజీ కరుణాతిలకకి నిన్న శిక్ష పడింది. లంచాల కేసు. పన్నెండేళ్లు జైలు."

"టీవీలో చూశాను సార్."

"టీవీలో రానిది విను. లంచాలిచ్చింది 'కోరల్'. విదేశీ ముఠా. చేపల పడవల్లో తుపాకులు దింపుతుంటే ఇన్నేళ్లూ ఈయన కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు పేర్లన్నీ చెబుతానంటున్నాడు. ఈ సాయంత్రం కొలంబోలో, జడ్జి ముందు."

"చెప్పనిస్తారా?"

"మధ్యాహ్నం ఆయన్ని కోర్టు లాకప్‌ నుంచి బస్సెక్కిస్తారు. నిన్న వాళ్ల వైర్‌లెస్‌లో ఒక ముక్క దొరికింది. 'మధ్యాహ్నం. పాట మొదలవగానే.' అంతే."

"ఏం పాట సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?" మేజర్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. మనవాళ్లలో ఒకరు కోరల్ మనిషి. ఎవరో తెలియదు. నన్ను కూడా నమ్మకు."

లారీ ఆగింది. తలుపు తీసుకుని ఏంజెలిన్ వాన్‌డోర్ట్ ఎక్కింది. విదేశాల్లో పదేళ్లు పనిచేసి వచ్చిన ఏజెంట్. ఆమె నడిస్తే దారే పక్కకి తప్పుకున్నట్టుంటుంది. చేపల వాసనలో కూడా ఆమె సెంటు వాసనే గెలిచింది.

"నేను టీవీ రిపోర్టర్‌ని. నువ్వు?" అంది.

"అన్నం వడ్డించే మనిషిని," అంది దినూషి.

"పాపం!" అని నవ్వింది ఏంజెలిన్.

చెవిదిద్దుల్లో రేడియోలు బిగించుకున్నారు. ఖైదీ కనపడితే 'పాలు పొంగాయి'. ప్రమాదమైతే 'పాలు విరిగాయి'. అవే గుర్తుమాటలు.

*

మిరిస్వెల కోర్టు ముందు పండగ జరుగుతోంది. చెడ్డ పెద్దమనిషి కూలిపోతే ఆ దేశంలో కిరిబత్ వండుతారు. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నాన్ని పళ్లెంలో పరిచి, ముక్కలుగా కోసి, ఉల్లికారంతో వీధిలో పంచుతారు. టపాసులు కాలుస్తారు. దినూషి రంగు వెలిసిన గౌను వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, కోర్టు గేటు ఎదుటి సందు మొగలో పంచుతోంది.

"పెద్ద ముక్క పెట్టమ్మా! వాడి వల్ల ఆరునెలలు ఆటో పోలీస్‌స్టేషన్లో ఎండకి ఎండిపోయింది."

"నీ ఆటో ఎండింది. మా తమ్ముడు ఎండాడు, చెయ్యని దొంగతనానికి."

"ఇవాళ వాడికి సెల్యూట్ ఎవరు కొడతారో చూడాలి!"

"దోమలు కొడతాయి!"

అందరూ నవ్వారు. గేటు దగ్గర కాపలా కానిస్టేబులు అటు తిరిగి నిలబడే చెయ్యి చాపాడు. దినూషి ఆ చేతిలో ఒక ముక్క పెట్టింది. ఒక ముసలాయన మాత్రం తినలేదు. "ఇలాంటివాళ్లు లోపల ఎన్నాళ్లుంటారు? రేపు వచ్చి ఇవాళ నవ్విన వాళ్లందర్నీ గుర్తుపెట్టుకుని వెతుకుతాడు," అన్నాడు.

జేబులో ఫోను కదిలింది. అత్తగారు.

"ఎక్కడున్నావే? మేం బస్సెక్కి మిరిస్వెల కోర్టు దగ్గరికొచ్చాం. ఊరంతా ఇక్కడే ఉంది. సెనులి టపాసులు చూస్తానని ఒకటే గోల. వాళ్ల బాబాయి భుజమెక్కింది."

దినూషి చేతిలో గరిటె ఆగిపోయింది. "అత్తయ్యా, పాపని తీసుకుని ఇంటికెళ్లిపోండి. ఇప్పుడే."

"ఏం, నువ్వేమన్నా వండిపెట్టావా ఇంట్లో?" ఫోను పెట్టేసింది.

దినూషి తల ఎత్తి చూసింది. గేటు పక్కన దీపస్తంభం పైనుంచి నేల దాకా ఎర్రటి టపాసుల దండ వేలాడుతోంది. మనిషి నడుమంత లావు. పక్క స్తంభానికి ఇంకోటి. ఆ పక్క ఇంకోటి. ఆ దండల కిందే, మరిది భుజం మీద, తన మూడేళ్ల పిల్ల.

"ఇన్ని టపాసులు ఎవరు కొన్నారన్నా?" అని చేపలమ్మే నిమల్‌సిరిని అడిగింది.

"ఎవరో పుణ్యాత్ముడు. పొద్దున్నే వ్యానుతో దింపి పోయాడు. డబ్బులు అక్కర్లేదన్నాడు. బస్సు గేటు దాటగానే కాల్చమన్నాడు, అంతే."

ఊరి కోపం ఊరిదే. కానీ దాని చప్పుడు మాత్రం ఎవరో కొనిచ్చారు.

పాట అంటే ఇదే.

"పాలు విరిగాయి," అంది దిద్దులోకి. "టపాసుల చప్పుడులో కాలుస్తారు సార్. వాటిని తీయించండి."

"పోలీసుల చేత తీయిస్తే ఏమవుతుందో తెలుసా? పోలీసులే పోలీసుని కాపాడుతున్నారని జనం గేటు విరగ్గొడతారు. అప్పుడు కోరల్ వాళ్లకి తుపాకీ కూడా అక్కర్లేదు."

"బస్సు ఆపండి."

"ఆపలేను. ఇంకో పావుగంటలో బయల్దేరుతుంది."

మధ్యలో ఏంజెలిన్ గొంతు తియ్యగా వినిపించింది. "దినూషీ, టపాసులంటే టపాసులే. జనాన్ని సరదా పడనీ. నువ్వు అన్నం చూసుకో."

దినూషి వెనక్కి తిరిగింది. ఆ సందులో మొదటి ఇల్లు మూసి ఉంది. కిటికీ రెక్క సందులోంచి ఒక ముఖం వీధిని చూస్తోంది. కేసు ఫైల్లో ఫొటో చూసిన ముఖమే. పియసీలి టీచర్. డీఐజీకి సొంత అక్క. ఈ ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించింది. ఊరి చావు సంఘానికి కార్యదర్శి కూడా. ఎవరింట్లో చావు జరిగినా కుర్చీలూ, టెంటూ, వీధికి కట్టే తెల్ల జెండాలూ ఈమె ఇంటి నుంచే పోతాయి.

తెల్ల జెండాలు.

తలుపు తోసుకుని లోపలికెళ్లి, దాచకుండా నాలుగు మాటల్లో అంతా చెప్పింది. టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"వాడు చేసింది తప్పే. నేను కోర్టుకి కూడా వెళ్లలేదు. కానీ చావకూడదు. బతికుండి, జైల్లో కూర్చుని, అన్నీ చెప్పాలి." లేచి వెనకగది తాళం తీసింది. "ఇవిగో జెండాలు. సందు మొదలు నుంచి కోర్టు గేటు దాకా వస్తాయి. వడ్రంగి లీలసేనకి ఫోన్ చెయ్. టీచర్ పోయిందను."

"టీచరమ్మా, మీరు బతికుండగా..."

"నన్ను చంపెయ్ తల్లీ, ఫర్వాలేదు. లీలసేన నా క్లాసులో వెనక బెంచీ. రెండో మాట అడగడు."

అడగలేదు. జెండాల తాడు రెండో కొస కట్టేలోపే లీలసేన నిచ్చెనతో పరిగెత్తుకొచ్చాడు. ఏడుస్తూనే ముడులు వేశాడు.

*

ముందు సందు మొగలో నిలబడ్డవాళ్లు చూశారు. "అయ్యో, టీచరమ్మా?" అన్నారెవరో. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి గేటు దాకా పాకింది. మైకులో పాట కట్టేశారు. మగవాళ్లు టోపీలు తీశారు. ఒకావిడ కిరిబత్ పళ్లెం మీద అరిటాకు కప్పేసింది.

"తమ్ముడి పనికి గుండె ఆగిపోయుంటుంది."

"నన్ను చెయ్యి పట్టి రాయించింది రా..."

అంతమంది జనం, సముద్రం చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. గేటు తెరుచుకుంది. బస్సు మెల్లగా బయటికొచ్చింది. కిటికీ ఊచల వెనక కరుణాతిలక. బేడీలు. గడ్డం పెరిగింది. అరుపులకి సిద్ధపడి తలదించుకున్న మనిషి, అరుపులు లేకపోయేసరికి తలెత్తాడు. తన అక్క సందు మీద తెల్ల జెండాలు చూశాడు. బేడీల చేతులతో ఊచలు పట్టుకున్నాడు.

అప్పుడు కనపడింది దినూషికి.

అంతమందిలో ఒక్క మనిషి కదులుతోంది. చేతిలో మైకు, ఇంకో చేతిలో లైటరు. ఏంజెలిన్. ఎన్ని భాషలు నేర్చినా, తెల్ల జెండా ముందు ఈ ఊళ్లో అగ్గిపుల్ల కూడా గీయరని ఆమెకి ఎవరూ నేర్పలేదు. వంగి దండ కొసకి నిప్పు పెట్టింది.

"ఏయ్! చావింటి ముందు టపాసులా? నీకు అమ్మానాన్న లేరా?" నిమల్‌సిరి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

నిప్పు అప్పటికే ఒత్తి ఎక్కుతోంది. ఏంజెలిన్ కళ్లు ఒక్క క్షణం పైకి లేచాయి. ఎదురు వీధిలో, టైలరు షాపు మేడ కిటికీ వైపు.

"మేడ మీద టైలరు కిటికీ!" అని దిద్దులోకి అరుస్తూనే దినూషి పరిగెత్తింది. మొదటి టపాసు పేలింది. రెండోది పేలింది. మూడోది పేలేలోపు, దారిలో చేతికందిన వేడి కిరిబత్ పళ్లెం మొత్తం ఒత్తి మీద బోర్లించి, రెండు చేతులతో అదిమిపెట్టింది. అరచేతులు కాలాయి. అన్నం కింద ఏదో బుస్సుమని, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో టైలరు షాపు తలుపు విరిగిన చప్పుడు ఊరంతటికీ వినిపించింది. మేజర్ పంపిన కమాండోలు మేడ మీదనుంచి ఒకణ్ణి, గుడ్డల తానులో చుట్టిన రైఫిల్‌నీ కిందికి దించారు. బస్సు మలుపు తిరిగి పోయింది.

ఏంజెలిన్ చేతులకి బేడీలు పడుతుంటే దినూషిని చూసి నవ్వింది. "అన్నంతోనా?"

దినూషి మరిది భుజం మీదనుంచి పిల్లని లాక్కుని, కాలిన చేతులతోనే గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, టపాసులేవీ?" అంది సెనులి.

*

అక్క బతికే ఉందని ఫోనులో ఆమె గొంతు వినిపించాకే కరుణాతిలక జడ్జి ముందు నోరు విప్పాడు. పడవలు దొరికాయి. కోరల్ మనుషులు దొరికారు.

ఊరికి మాత్రం టీచర్ దొరికింది. ఆ సాయంత్రం పంచదారా బిస్కెట్లూ పట్టుకుని పరామర్శకి వెళ్లినవాళ్లకి, టీచర్ వరండాలో టీ తాగుతూ కనిపించింది. అసలు సంగతి చెప్పడానికి మేజర్ ఒప్పుకోలేదు. తమ్ముడు పోలీసు దొంగ, అక్క చావు దొంగ అన్నారు. వాడి మీద కోపమంతా ఆమె గుమ్మం ముందు దింపి పోయారు. అప్పటినుంచీ ఆ సందులోకి ఎవరూ వెళ్లడం లేదు. ఆ జెండాలు విప్పమని టీచర్ కబురు పెట్టినా లీలసేన రాలేదు. దినూషి వెళ్లకూడదు. ఆ రోజు తర్వాత ఆమెని అక్కడ అందరూ గుర్తుపడతారు.

అందుకే, మీరెప్పుడైనా గాలే నుంచి మాతర వెళ్లే దారిలో మిరిస్వెల దగ్గర బస్సు దిగితే, కోర్టు ఎదుటి సందులో మొదటి ఇల్లు. పియసీలి టీచర్ తిన్నదో లేదో ఒక్కసారి చూసి రండి. బతికే ఉన్నారా అని మాత్రం అడక్కండి. ఆ జోకు ఊరంతా వేసేసింది, ఆమె ఒక్కసారీ నవ్వలేదు.