మస్కోగీలో థాంక్యూ చెప్పినవాడు

"సోమవారం పొద్దున పది గంటలకి టోబీ క్రెన్‌షాని కోర్టు మెట్ల మీద కాల్చేస్తారు," అంది మావిస్ ట్రాటర్, మధ్యాహ్నం భోజనంలోకి ఏముందో చెబుతున్నంత తీరిగ్గా.

ఏజెంట్ వర్లిన్ ఓక్స్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కుర్చీకి మూడే కాళ్లు. నిటారుగా కూర్చోక తప్పదు.

మావిస్ ఆ శాఖకి అధిపతి. శాఖకి పేరు లేదు. రహస్యం కోసమేమీ కాదు, పేరంటూ ఉంటే బోర్డు రాయించాలి.

"మిలిటరీ డిజైన్లు ఎత్తుకెళ్లే విదేశీ ముఠా. మూడేళ్లు వాళ్లలో కలిసి తిరిగి గుట్టు లాగినవాడు టోబీ ఒక్కడే. వాడు సాక్ష్యం చెబితే ముఠా మొత్తం లోపలికి."

"టోబీకి చెప్పారా మేడమ్?"

"చెబితే మెట్లెక్కుతాడా?"

టోబీ ఒకప్పుడు అతని జోడీ. పోయిన మిషన్లో శాఖ వర్లిన్‌కి తుపాకీ మీద బిగించి గురి చూసే స్కోపు ఇచ్చింది, అరవై డాలర్లది. అతను దొంగకి గురిపెట్టాడు, టోబీ మోకాలు విరిగింది. ఇప్పుడు టోబీ కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎక్కడ కనబడినా ఆ కర్రతోనే పలకరిస్తాడు.

"హంతకుడు ఎవరో తెలీదు. అచ్చం మన ఓక్లహోమా వాడిలాగే మాట్లాడతాడట. శనివారం మస్కోగీలో తుపాకులమ్మే గన్ షోలో, కొరిన్ టేబుల్ దగ్గర స్కోపు కొంటాడు. గుర్తుగా ఒక కోడ్ వాక్యం చెబుతాడు. ఆ వాక్యం సంపాదించింది కొరినే."

కొరిన్ వాష్‌బర్న్ ఈ శాఖ మనిషి. ముఠా మాత్రం తమ మనిషే అనుకుంటుంది. ఆమె నడిచి వెళ్తే ట్రాఫిక్ లైట్లు కూడా ఎర్రబడతాయని చెప్పుకుంటారు. రెండేళ్లుగా ప్రతి గురువారం ఆమె, వర్లిన్ కలిసి క్యాట్‌ఫిష్ వేపుడు తింటున్నారు. ఈ సంగతి శాఖలో ఎవరికీ తెలీదని వర్లిన్ నమ్మకం.

"గాడ్జెట్లు?"

మావిస్ ఒక పెన్ను ఇచ్చింది.

"ఏం చేస్తుంది?"

"రాస్తుంది."

గీసి చూశాడు. రాయలేదు.

"నువ్వూ ఓ మంచి స్కోపు కొనుక్కో. మూడువందల డాలర్లు మించకుండా. బిగించే మౌంటుతో కలిపి."

శనివారం గన్ షోలో వర్లిన్ తొంభై ఏళ్ల ముసలాడయ్యాడు. శాఖలో ఏడుగురు ఏజెంట్లకి కలిపి ఒకే పెట్టుడు గడ్డం ఉంది. అందులో ఇంకా మొన్నటి ఏజెంటు తిన్న మిరపకాయ బీన్స్ వాసన.

కొరిన్ టేబుల్ వెనక పసుపు గౌనులో నిలబడి ఉంది. ముందు వరసగా స్కోపులు. బొమ్మని ఒకటి నుంచి ఆరింతలు పెద్దది చేసేవి, ఎనిమిదింతలు చేసేవి, పదింతలు చేసేవి.

"కోడ్ ఏంటి?" అని గడ్డంలోంచి గొణిగాడు.

"'ఒకటి నిజంగా ఒకటేనా?' అని అడుగుతాడు," అంది కొరిన్.

ఇలాంటి స్కోపు రింగుని ఒకటి మీద పెడితే లోకం ఉన్నది ఉన్నట్టు కనబడాలి. చవకవాటిలో కాస్త ఉబ్బి, వంగి కనబడుతుంది. అందుకే కొనడానికి వచ్చిన ప్రతివాడూ మొదట అడిగే ప్రశ్న అదే. మధ్యాహ్నంలోగా నూట నలభై ఒక్కమంది ఆ కోడ్ వాక్యం పలికారు. వాళ్లలో ఇద్దరు పాస్టర్లు.

"నీకు ఇది బాగుంటుంది తాతా," అంటూ కొరిన్ పదింతల స్కోపు అందించింది. "దూరంగా ఉన్నవి కూడా కనిపిస్తాయి."

వర్లిన్ దాన్ని ఒకటి మీద పెట్టి, రెండు కళ్లూ తెరిచి గుమ్మం వైపు చూశాడు. ద్వారబంధం అరటిపండులా వంగింది. ఆరింతలది తీసి చూశాడు. గుమ్మం గుమ్మంలాగే ఉంది. రెండు కళ్లకీ ఒకే లోకం.

"ఇదే కావాలి."

"నీ ఇష్టం," అంది కొరిన్. నవ్వలేదు. మౌంటుతో కలిపి మూడువందల పదకొండు అయింది.

ఇక హంతకుణ్ణి పట్టేదెలా? వర్లిన్ గడ్డం దువ్వుకుంటూ టేబుల్ పక్కన తిష్ట వేశాడు. ఒకటి ఒకటేనా అని అడిగిన ప్రతివాడికీ అడక్కుండానే సలహా ఇవ్వడం మొదలుపెట్టాడు.

"ఆరింతలది తీసుకో అబ్బాయ్. రెండు మీద పెట్టి ఉంచు, మనుషులంతా కనబడతారు. లోపల గీతలున్నాయే, ఏ పవర్లోనైనా అవి నిజమే చెబుతాయి."

శుద్ధ అబద్ధం. ఖరీదైన వాటిలో బొమ్మతోపాటు గీతలూ పెరుగుతాయి. చవకవాటిలో పెరగవు. దూరానికి తగ్గట్టు గురి ఎత్తే ఆ గీతలు పూర్తి ఆరు మీదే సరిగ్గా ఉంటాయి. రెండు మీద నమ్మితే గుండు ఆకాశానికే.

"నీకెవడు చెప్పాడయ్యా పెద్దాయనా?" అన్నాడు ఒకడు.

"గడ్డం పెరిగింది గానీ బుర్ర పెరగలేదు," అన్నాడు ఇంకొకడు.

ఒకాయన తన ట్రక్కు దగ్గరికి లాక్కెళ్లి, బానెట్ మీద బొమ్మ గీసి మరీ నలభై నిమిషాలు తిట్టాడు. మస్కోగీలో ముక్కూమొహం తెలీనివాడు ఇచ్చిన సలహా ఎవడూ ఒప్పుకోడు. ఒప్పుకుంటే వాడి ఇంట్లో అన్నం పెట్టరు.

సాయంత్రం నాలుగింటికి గోధుమరంగు టోపీవాడు ఒకడు వచ్చాడు. ఒకటి నిజంగా ఒకటేనా అని అడిగాడు. వర్లిన్ తన పాఠం అప్పజెప్పాడు. ఆ మనిషి చిన్న పుస్తకం తీసి అంతా రాసుకున్నాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"థాంక్యూ సార్. చాలా ఉపయోగపడింది."

వీడు ఓక్లహోమా వాడు కాదు, వీడే హంతకుడు అనుకున్నాడు వర్లిన్. వీడి దేశంలో సర్కారు వీడికి ఎప్పుడూ ఖరీదైన స్కోపులే ఇచ్చి ఉంటుంది. చవక సరుకు ఎలా మోసం చేస్తుందో వీడికి తెలీదు.

వర్లిన్ మూడుసార్లు గడ్డం గీరుకున్నాడు. వెంటపడమని సైగ. కొరిన్ సరుకు పొట్లం కట్టి ఇచ్చి, వాడి వెనకే వెళ్లింది. పావుగంటకి ఒక్కతే తిరిగొచ్చింది.

"పార్కింగ్‌లో తప్పిపోయాడు బంగారం. ఒక్కటి మాత్రం తెలిసింది. సోమవారం చర్చి గోపురం మీంచి కాలుస్తాడట. తూర్పున."

సోమవారం పది గంటలకి వర్లిన్ కోర్టు ఎదురుగా పశువుల దాణా దుకాణం పైకప్పు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తుపాకీ తూర్పుకి. స్కోపు ఒకటి మీద. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. చర్చి గోపురంలో పావురాలు తప్ప ఎవరూ లేరు.

టోబీ కారు దిగాడు. కర్ర. మెట్టు. కర్ర. మెట్టు.

కుడికన్ను గోపురం మీదే ఉంది. ఎడమకంటికి కింద జనం, జనంలో పసుపు గౌను. కొరిన్ తూర్పుకి చూడటం లేదు. పడమరకి చూస్తోంది, మూడువందల గజాల అవతల గోధుమలు నిల్వ ఉంచే ఎత్తైన సైలో వైపు. చూస్తూ చూస్తూ రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుంది.

ఇంకా ఏ చప్పుడూ కాలేదు.

వర్లిన్‌కి అంతా అర్థమైంది, రెండేళ్ల గురువారాలతో సహా. దొర్లి పడమరకి తిరిగేలోపే ధన్‌మని మోగింది. గుండు టోబీ టోపీకి జానెడు పైనుంచి వెళ్లి కోర్టు గడియారంలో దిగింది. పది గంటల రెండు నిమిషాలు. ఆ గడియారంలో ఇప్పటికీ అదే టైము.

సైలో అంచున గోధుమరంగు టోపీ. ఆ మనిషి రెండో గుండు ఎక్కిస్తున్నాడు. వర్లిన్ రింగుని ఆరుకి తిప్పాడు, మూడువందల గజాల గీత మీద పెట్టాడు, నొక్కాడు. అవతలి తుపాకీ మీది స్కోపు గాజుపెంకులైపోయింది. మనిషి వెనక్కి తూలి గోధుమల్లో మెడదాకా కూరుకుపోయాడు. అగ్నిమాపకదళం వచ్చి బయటికి లాగితే వాళ్లకి కూడా థాంక్యూ చెప్పాడట.

కిందికి దిగిన వర్లిన్‌ని టోబీ కర్రతో పొడిచాడు.

"ఎవడో కాల్చాడ్రా. నాకు తగల్లేదు. అంటే కాల్చింది నువ్వు కాదన్నమాట."

టోబీ సాక్ష్యం చెప్పాడు. ముఠా లోపలికి వెళ్లింది, వాళ్లతోపాటే కొరిన్. పదకొండు రోజులకి ఏదో ఖైదీల మార్పిడిలో బయటికొచ్చేసింది. ఆ జాబితాలో కొరిన్ పేరు కూడా ఉంది. మావిస్ మాత్రం స్కోపుకి ఎక్కువైన పదకొండు డాలర్ల మీద ఇంకా విచారణ జరిపిస్తోంది.

పంపించేసే రోజు వర్లిన్ ఆమెని కలిశాడు. బేడీలతో కూడా అందంగానే ఉంది. అదే అతనికి మండింది.

"నేను వాడికి అబద్ధం చెబుతుంటే పక్కనే ఉన్నావు. స్కోపులమ్మేదానివి, గీతల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కమాట అనుంటే టోబీ పోయేవాడు. ఎందుకనలేదు?"

కొరిన్ తన గోళ్లు చూసుకుంది.

"కొనేవాడి ముందు సరుకుని తక్కువ చేస్తే బేరం పోతుంది బంగారం."

"అంతేనా?"

"అంతే."

కారు ఎక్కించారు. అది గురువారం. వర్లిన్ ఒక్కడే వెళ్లి క్యాట్‌ఫిష్ తెప్పించుకుని, దాని ముందు కూర్చుని ఆలోచించాడు. ఆమె నోరు మూసుకోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి ఆమె చెప్పింది. రెండోది ఆ గురువారాలు; దాన్ని నమ్మితే బతికినన్నాళ్లూ మోయాలి.

వర్లిన్ మొదటిదే తీసుకున్నాడు. తన బడ్జెట్‌కి అందేది అదే.