బేస్‌మెంట్ గదిలో వెచ్చని టేపు

ఆ ఆస్పత్రి బేస్‌మెంట్‌లో చివరి గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ వెళ్లరు. టేపు తాత అని అందరూ పిలిచే ముసలి ఆపరేటరు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత కూడా, తాళం వేసిన గదిలోంచి రోజూ రాత్రి గర్రుమని చప్పుడు... ఆగాక, ఒక దగ్గు. వాచ్‌మన్ విన్నాడు. లిఫ్టు మనిషి విన్నాడు.

తాత స్థానంలో వచ్చిన కంప్యూటర్ ఇంజినీరు తర్వాతెప్పుడో చెప్పుకున్న సంగతి ఇది.

అతను చేరి పదకొండు నెలలు. రోగుల రిపోర్టులన్నీ ఉండే సర్వర్ మూడో అంతస్తులో ఉంది. ఏ రోజుకారోజు దాని నకలు వేరే డిస్కులోకి వెళ్లేలా కొత్త ఏర్పాటు చేశాడు. తెర మీద పచ్చ గుర్తు కనిపిస్తే చాలు, రిజిస్టరులో ‘సరిచూశాను’ అని సంతకం. డిస్కు తెరిచి చూసింది ఒక్కనాడూ లేదు. బేస్‌మెంట్‌లో తాత రోజుల్లో నకలు తీసిన పాత టేపు మిషన్ తీసేయమంటే, తీసేశానని కాగితం రాసిచ్చాడు. కిందికి దిగితే కదా తీయడానికి. భయం.

ఒక మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు సర్వర్ చచ్చిపోయింది.

పాడైన డిస్కులు మార్చాడు. నకలు తెరిచాడు. ఖాళీ. నిన్నటిదీ ఖాళీ. మొన్నటిదీ... ఎప్పుడో రిపోర్టుల ఫోల్డర్ చోటు మారింది. వదిలేసిన ఖాళీ ఫోల్డర్‌నే ఇన్ని నెలలూ నకలు తీస్తోంది — పచ్చ గుర్తుతో సహా.

ఉదయం ఏడు నుంచి ఆరు ఆపరేషన్లు. రిపోర్టులు చూడందే మత్తు డాక్టరు సూది ముట్టుకోడు. సూపరింటెండెంటు ఫోన్ చేసి, నకలు ఉంది కదా అని అడిగాడు. ఉందండీ అన్నాడట. చెవులు మండిపోతుంటే అన్నాడట.

తాత నాటి టేపు ఒక్కటి దొరికినా పాత రోగుల వివరాలైనా మిగులుతాయి. తాళంచెవి తీసుకున్నాడు.

మెట్లు దిగాడు. వరండాలో దీపం ఒక్కటే. గది ముందు నిలబడితే లోపల అంతా నిశ్శబ్దం. తాళం తిప్పాడు...

చీకట్లో పచ్చ దీపం వెలుగుతోంది. మిషన్ నోట్లోంచి టేపు సగం బయటికి వచ్చి ఉంది. సెల్‌ఫోన్ వెలుగులో చీటీ చదివాడు. ‘మంగళవారం’. తాత చేతిరాత.

టేపు లాగి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

చనిపోయి ఏడాది కావస్తున్న మనిషి... ఇప్పుడే చేత్తో పెట్టి వెళ్లినట్టు.

వెనక ఒక దగ్గు. మెడ మీద వెంట్రుకలు లేచాయి.

“అది ఇలా ఇవ్వండి బాబూ...”

గొంతు కాదు, గుసగుస. గోడ పట్టుకుని, తల తిప్పాడు.

చేతిలో బుధవారం టేపుతో — ఫ్లోర్లు తుడిచే ఆయమ్మ.

తీసేయని మిషన్ రోజూ రాత్రి సర్వర్ మొత్తాన్నీ దానంతటదే టేపుకెక్కిస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులతో తిరగలేక, తాత బతికుండగానే ఆమెకు రెండో తాళంచెవి ఇచ్చి పని నేర్పాడట. రాత్రి చప్పుడు ఆగాక ఆ రోజు టేపు తీయడం, మర్నాటిది పెట్టడం — తాత వారాల పేర్లు రాసిన ఏడు టేపులే తిప్పి తిప్పి. అంతే.

“వద్దని ఎవరూ చెప్పలేదు బాబూ. అందుకే మానలేదు.”

దగ్గు ఎందుకని అడిగాడు.

“ఇక్కడేదో తిరుగుతోందంటారుగా. ఉంటే కాస్త పక్కకు తప్పుకుంటుందని... రోజూ దగ్గి వస్తాను.”

అతను మంగళవారం టేపును మళ్లీ మిషన్‌లోకి తోశాడు.

టేపులోంచి రిపోర్టులన్నీ సర్వర్‌లోకి ఎక్కేసరికి ఐదు కొట్టింది. ఒక్కడూ దడుచుకుంటాడేమోనని ఆయమ్మ అంతసేపూ బకెట్ బోర్లించుకుని పక్కనే కూర్చుంది. చివరి రిపోర్టు ఆ సాయంత్రం ఎనిమిదింటిది.

ఏడింటికి మొదటి రోగి లోపలికి వెళ్లాడు. సూపరింటెండెంటు అందరి ముందూ ఇంజినీరు భుజం తట్టి, పని అంటే ఇదీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. నోరు తెరిచాడు... మూసుకున్నాడు. ఆయమ్మ పేరు చెబితే పదకొండు నెలల సంతకాల సంగతీ చెప్పాలి.

రాత్రి కింద ఏమైనా కనిపించిందా అన్నా, అని ఒక నర్సు నవ్వుతూ అడిగింది.

“ఏదో ఉందమ్మా,” అన్నాడట.

పక్కన నేల తుడుస్తున్న ఆయమ్మ ముఖం పాలిపోయింది. తుడుపుకర్ర గోడకు ఆనించి దగ్గరకు వచ్చింది.

“చూశారా బాబూ... నేను అనుకుంటూనే ఉన్నా.”