సవతి పెట్టె

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే తల్లాడ, వైరా చుట్టుపక్కల వెంకటనారాయణకు కుదురుగా కూర్చుని అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇది ఎనభైల చివరి మాట. ఆయన గిటారు వాయించేవాడు, భార్య సుబ్బరత్నం పాడేది, రామన్న డోలక్ వాయించి, వ్యాన్ కూడా తనే నడిపేవాడు. ఆర్కెస్ట్రా అంటే అంతే. ముగ్గురు మనుషులు, ఒక పెట్టె.

ఆ పెట్టె ఆంప్లిఫయర్. వైరాలో ఒక రేడియో మెకానిక్ టేకు చెక్కతో, వాల్వులతో సొంతంగా తయారుచేసి ఇచ్చాడు. ఆ మెకానిక్ కాలం చేసి చాలా ఏళ్లయింది. గిటారు వైరు, సుబ్బరత్నం మైకు వైరు రెండూ దాంట్లోకే. స్విచ్ వెయ్యగానే పలికే రకం కాదది. ముందు ఎర్రబల్బు వెలగాలి, తర్వాత లోపల్నుంచి సన్నగా మూలగాలి, దుమ్ము కాలిన వాసన రావాలి, అప్పుడు గానీ గొంతు విప్పదు. అంతసేపూ వెంకటనారాయణ దానిమీద చెయ్యేసి కూర్చునేవాడు. విసుక్కోవడాలు, కసురుకోవడాలు ఇంట్లోవాళ్లకు. ఓపికంతా దానికి.

కాపురానికొచ్చిన కొత్తలో ఇది చూసి సుబ్బరత్నానికి ఒళ్లు మండింది. మండినా పైకి నవ్వేసింది. ఆ దసరాకు పసుపుకొమ్ము కట్టిన తాడొకటి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"నాకంటే ముందొచ్చింది గద, నాకు అక్క వరసైతది. తాడు కట్టు. ఉంచుకున్నదాని లెక్క ఎందుకు చూడాలె దాన్ని?"

ఆయనా సరదాపడి పెట్టె పిడికి మూడు ముళ్లు వేశాడు. రామన్న గుప్పెడు అక్షింతలు చల్లి పప్పన్నం ఎప్పుడని అడిగాడు. అలా వేళాకోళంగా మొదలైంది కాస్తా ఆ ఇంటి ఆచారమైపోయింది. సుబ్బరత్నం తన మెడలో తాడు మార్చుకున్నప్పుడల్లా పెట్టెకూ మార్పించేది. మార్చే పద్ధతి కూడా ఆడవాళ్లదే: కొత్త తాడు కట్టుకున్నాకే పాతది తియ్యాలి. మొగుడు పోయిననాడు తప్ప మెడ బోసిగా ఉండకూడదు కదా. పెట్టెకైనా అంతే అనేది ఆమె.

ఏళ్లు ఇలాగే గడిచేవేమో, లాలు లేకపోతే.

లాలు ఖమ్మంలో ఆర్కెస్ట్రా పెట్టిన కుర్రాడు. గిటారు శ్రుతి చేసుకోవడం వెంకటనారాయణ దగ్గరే నేర్చుకున్నాడు. వైరాలో ఒక పెళ్లికి వాడు కొత్త ఆంప్లిఫయర్ తెచ్చాడు. నల్లటి పెట్టె, తిప్పడానికి వెండి రంగు బిళ్లలు, నొక్కీ నొక్కకముందే పలుకు. పెళ్లిపందిట్లో జనం పెళ్లికొడుకుని వదిలేసి దాని చుట్టూ మూగారు. లాలు వచ్చి, "మాస్టరూ, మీ పాత పెట్టె ఇంకా నడుస్తున్నదా?" అని మర్యాదగానే అడిగాడు. మర్యాదగా అడిగాడు కాబట్టే మరీ మండింది.

ఆ రోజు నుంచి వెంకటనారాయణకు కంటిమీద కునుకు లేదు. అసూయ అంటే ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసింది, వయసు మీరాక వచ్చిన తట్టులాగా బాగా గట్టిగానే పట్టుకుంది. పాత పెట్టెలో లేని లోపాలు కనిపించసాగాయి. బరువెక్కువ. ఆలస్యం ఎక్కువ. నిన్నటిదాకా ముద్దొచ్చిన మూలుగు వింటే ఇప్పుడు చిరాకు. వాయిస్తున్నంతసేపూ మనసులో లాలు పెట్టే మెరిసేది. ఆఖరికి ఉండబట్టలేక హైదరాబాదుకు మనిషిని పంపించి అలాంటిదే తెప్పించుకున్నాడు.

అది వచ్చిన రోజు సుబ్బరత్నం వైరాలో పుట్టింట్లో ఉంది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి. అవన్నీ చేశాడు. పసుపుతాడు దగ్గరకొచ్చేసరికి ఇంట్లో ఎక్కడ వెతికినా దొరకలేదు. మంచి గడియ దాటిపోతోంది. అటూ ఇటూ చూసి, పాత పెట్టెకున్న తాడు ముళ్లు విప్పి తీసి, కొత్తదాని పిడికి కట్టేశాడు. పాతదానికి తర్వాత ఇంకోటి కడదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత మరిచిపోయాడు.

మర్నాడు తిరిగొచ్చిన సుబ్బరత్నం గడపలోనే నిలబడిపోయింది.

"తాడు తీసినవా? ఇంకోటి కట్టకుండనే?"

"పెట్టెకు తాడేందే, నీకేమన్న పిచ్చా?"

"కట్టిననాడు పెట్టే అని యాదికి రాలేదా? నువ్వు బతికుండంగ మెడ బోసిగ చేసినవు. జల్దీ కట్టు, నీ చేత్తోనే కట్టాలె."

ఆమె కళ్లలో భయం చూసి ఆయన నవ్వాడు. బయట వ్యాన్ సిద్ధంగా ఉంది. ములకలపల్లి అవతల అడవి అంచున జంపయ్య కొడుకు పెళ్లి. కొత్త పెట్టెకు అదే మొదటి ప్రోగ్రాం. "వచ్చినంక కడత" అన్నాడు. సుబ్బరత్నం ఒప్పుకోలేదు. పాతదాన్ని ఒంటరిగా ఇంట్లో వదిలి రానని భీష్మించుకుని రామన్న చేత దాన్నీ వ్యాన్ ఎక్కించింది.

జంపయ్యకు వెంకటనారాయణ అంటే ఎంతో అభిమానం. ఊళ్లో ఏ పెళ్లైనా ఈ మాస్టరే రావాలనే మనిషి. సామాన్లు పెట్టుకోవడానికి పందిరి వెనక కొట్టుగది ఇచ్చాడు. మట్టిగోడలు, కిటికీ లేదు. ఒక మూల ఎండిన ఇప్పపువ్వు రాశి, ఇంకో మూల తునికాకు కట్టలు. లోపల అడుగుపెడితే ఇప్పపువ్వు తీపివాసన గొంతుకి అడ్డంపడేది. పాత పెట్టెను ఆ గదిలో గోడవారగా పెట్టారు. దాని వైరును రామన్న చుట్ట చుట్టి పైన పెట్టాడు.

పొద్దుగూకే వేళకు ప్రోగ్రాం మొదలైంది. కొత్త పెట్టె నొక్కగానే పలికింది. గిటారు మోత అడవిలోకి పోయి తిరిగొచ్చింది. పిల్లలు కేకలు వేశారు. లాలు ఇప్పుడిక్కడ ఉంటే ఎంత బాగుండును అనుకున్నాడు వెంకటనారాయణ. గర్వంతో ఛాతీ నిండిపోయింది.

రెండో పాటకు జంపయ్య వేదిక దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"మాస్టరూ, జోరు మంచిగున్నది గని, అమ్మ గొంతు ఏంది గట్ల దూరమైతున్నది?"

నిజమే. సుబ్బరత్నం గొంతు పలచబడుతోంది. ఆయన మైకు బిళ్ల తిప్పాడు. ఇంకా తిప్పాడు. పూర్తిగా తిప్పేసినా చరణం సగంలోకి వచ్చేసరికి ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ పాట వినిపించడం లేదు. సుబ్బరత్నం మైకు పక్కకు నెట్టేసి వట్టి గొంతుతో పాడబోయింది. మెడ నరాలు పొంగాయి. శబ్దం లేదు. గొంతు పట్టుకుని మొగుడి వైపు చూసింది.

అప్పుడే గాలిదుమారం లేచింది. పందిరి తాటాకులు ఎగిరాయి. కరెంటు పోయింది.

అడవి పక్క ఊళ్లలో కరెంటు పోతే చీకటి మామూలుగా ఉండదు. పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలియదు. తడిసిన మట్టి వాసన కొట్టింది. జనం అరుపులు మెల్లగా సద్దుమణిగాయి. ఎందుకంటే... పాట వినిపిస్తోంది.

సుబ్బరత్నం పాట.

ఆగిపోయిన చరణం దగ్గర్నుంచి. తియ్యగా, తొణక్కుండా. పందిరి వెనక కొట్టుగదిలోంచి.

"అమ్మ లోపలికి పోయిందా?" అన్నారెవరో చీకట్లో.

 సుబ్బరత్నం లోపలికి పోలేదు. ఆమె చెయ్యి వెంకటనారాయణ చేతిలోనే ఉంది. 

ఆ చెయ్యి విడిపించుకుని ఆమె తడుముకుంటూ కొత్త పెట్టె దగ్గరికెళ్లింది. ముళ్లు విప్పిన చప్పుడు. తాడు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టి, పిడికిలి మూసి, వీపుమీద చెయ్యేసి గది వైపు నెట్టింది. ఒక్క మాట అనలేకపోయింది పాపం. అనకపోయినా ఆయనకు అర్థమైంది.

జంపయ్య లాంతరు పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. గాలికి అది ఆరిపోయింది. "ఒక్కడివే పోకు మాస్టరూ" అని గొణిగాడు గానీ తనూ గడప దాటలేదు.

వెంకటనారాయణ లోపలికి వెళ్లాడు.

ఇప్పపువ్వు వాసన. దాని కింద దుమ్ము కాలిన వాసన. ఆ మూల ఎర్రబల్బు వెలుగుతోంది. ఆ వెలుగులో పెట్టె పైన వైరు కనిపించింది. రామన్న చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది. ప్లగ్గు గాలిలో వేలాడుతోంది.

పాట ఆగింది.

"వచ్చినవా..."

సుబ్బరత్నం గొంతే. ఇంట్లో పొద్దున్నే నిద్రలేపే గొంతు.

"కట్టు."

మోకాళ్లమీద కూర్చున్నాడు. తాడు పిడి కిందుగా పోనిచ్చాడు.  మొదటి ముడి పడింది. చెక్క వెచ్చగా ఉంది. రెండో ముడి... చెక్క మెత్తగా ఉంది. చెమట తడి. వేళ్లకు వెంట్రుకలు చిక్కుకున్నాయి. పొడుగాటివి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఇంకో ముడి ఉన్నది."

వేశాడు.

"నువ్వు పోయినవనుకున్న. తాడు తీసేసరికి... పోయినవనుకుని ఏడ్చిన. నిన్నంత ఏడ్చిన."

ఆయన వేళ్లు ముడిమీదే ఉండిపోయాయి.

"నేనే గద నీకు ముందు?"

"అవ్."

"మరి బయట నిలబడ్డదో?"

గోడకు అవతల సుబ్బరత్నం గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె అంత దగ్గర్లో ఉంది. వెంకటనారాయణకు తెలుసు ఏమి చెప్పాలో. నా పెళ్లాం అనాలి. అంతే. నోరు తెరిచాడు. వేళ్ల కింద ఆ మెత్తటిది గుటక మింగినట్టు కదిలింది...

"ఎవ్వరు లేరు" అన్నాడు. "నువ్వొక్కదానివే."

ఎర్రబల్బు ఆరిపోయింది.

తెల్లారేదాకా ఎవరూ ఆ గదివైపు వెళ్లలేదు. వెలుగొచ్చాక రామన్న వెళ్లి చూస్తే మామూలు టేకు పెట్టె, పిడికి పసుపుతాడు, మూడు ముళ్లు. వ్యాన్‌లో తల్లాడ వచ్చేదాకా సుబ్బరత్నం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తను లోపల అన్న మాట మట్టిగోడ దాటి ఆమెకు వినిపించిందా లేదా అన్నది వెంకటనారాయణకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. అడిగినా ఆమె చెప్పగలిగేది కాదు.

దవాఖానాలో చూపించారు. గొంతులో ఏ జబ్బూ లేదన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. కొత్త పెట్టెను ఆయన లాలుకే ఊరికే ఇచ్చేశాడు. లాలు అది మహాప్రసాదంలా తీసుకుని, "ఇంత మంచిది ఎందుకిచ్చేస్తున్నరు మాస్టరూ?" అని ఒకటికి పదిసార్లు అడిగాడు.  వెంకటనారాయణ ఇంటికొచ్చి ముందుగదిలో పాతదాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వాయించేవాడు కాదు. దాన్ని ఒంటరిగా వదలాలంటే భయం, దగ్గర కూర్చోవాలన్నా భయం. సుబ్బరత్నం వండి పెట్టేది, గిన్నెలు తోమేది, ఆయన మొహంలోకి మాత్రం చూసేది కాదు. ఆమె గొంతు ఒక్కసారి వింటే చాలు, తిట్టినా సరే అని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

ఒక పొద్దున ఆయన మంచంమీద దుప్పటి ముసుగులో ఉండగా, ఆ గొంతు వినిపించింది.

"చాయ్ పెట్టాల్నా?"

గుండె ఎగిరి గంతేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చేసింది, గొంతు వచ్చేసింది! ముసుగు తియ్యకుండానే గట్టిగా జవాబిచ్చాడు.

"పెట్టు రత్నం, పెట్టు!"

దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. ఎదురుగా వీధి గుమ్మంలో సుబ్బరత్నం నిలబడి ఉంది. చేతిలో నీళ్ల బిందె. బావి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. పెదాలు గట్టిగా బిగించుకుని, మొగుడి వైపు చూస్తోంది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి చూస్తోంది.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

వంటింట్లో ఎవరో పంపు స్టవ్వు కొడుతున్న చప్పుడు మొదలైంది.