నిన్నటి పలకతో సరి

దమయంతి కొత్త గొంతుపలకను శ్రుతిగూటిలో పెట్టి చెవి ఒగ్గింది. జబ్బు చేసి స్వరపేటిక తీసేసినవాళ్ల మెడలో అమర్చే ఆ సన్నని రేకు ఏడాదిలో అరిగిపోతుంది. అదే గొంతుతో మళ్లీ పోత పోయాలి. విశాఖలోని ఆ కర్మాగారం పని అదే. ఈ పలక ఆమె అన్న సన్యాసిరావుది, పన్నెండోది.

గూటికి బిగించిన స్థిరమాపిని యంత్రం కొత్త పలకను నిరుటిదానితో పోల్చి, సరిపోయిందని పచ్చదీపం వెలిగించింది. దమయంతికీ తేడా వినిపించలేదు. ఆమోదిస్తూ వేలిముద్ర వేసింది. గోడమీది నాణ్యతరేఖ ఏళ్ల తరబడి ఒక్క వంపు లేకుండా సాగుతోంది.

"ఏటే, నా గొంతు నాకిచ్చీసినావా?" పలక మెడలో అమర్చుకుని నవ్వాడు సన్యాసిరావు.

"ఇచ్చీసినాను. దాంతో అమ్మ మీద అరవకు మరి."

ఓడలో ఉద్యోగం చేసే రోజుల్లో తండ్రి చావుకు దిగి రాలేదని తల్లి అతనితో మాట మానేసింది. ఇప్పుడు చూపు పోయి, రాయగడ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంది. "వాడి గొంతు ఒక్కసారి వినిపించండర్రా" అని పొద్దున్నే కబురంపింది. ఆ గొంతు పోయిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. అచ్చం అదే గొంతు ఉన్నప్పుడు చెప్పి బాధపెట్టడం దేనికనుకున్నారు.

దమయంతి ఫోన్ కలిపి అన్నకిచ్చింది.

"అమ్మా..."

"ఎవులు బాబూ?"

"నేనేనే, నీ సన్నాసిని."

తల్లి ఆయాసపడింది.

"మావోడి గొంతు నాకు తెల్దేటి? నాతో మాటాడ్డానికి మనసొప్పక ఎవుల్నో పెట్టి మాటాడిస్తన్నాడా? దమయంతీ, నువ్వు కూడానా?"

ఫోన్ ఆగిపోయింది. సాయంత్రానికి మేనమామ కబురు చేశాడు, అమ్మ పోయిందని.

కర్మకాండలు ముగిశాక దమయంతి, అన్నకు జబ్బు చేయకముందు జరిగిన తన పెళ్లి వీడియో పెట్టింది. అందులో అన్న అప్పగింతల వేళ పెళ్లికొడుకుతో మాట్లాడుతున్నాడు. బొంగురుగా, బరువుగా ఉంది గొంతు. పక్క గదిలో ఎవరితోనో మాట్లాడుతున్న అన్న గొంతు సన్నగా, నున్నగా ఉంది. ఆమె వీడియో ఆపేసింది.

మర్నాడు పర్యవేక్షకుడు భుజంగరావును అడిగింది: "మా అన్న మొదటి పలక ఏదండీ?"

"కరిగించీసినాం కదమ్మా. ప్రతిదీ ముందుదానికి సరిపోతంటే మొదటిది దాచుకోడం దేనికి? వెంట్రుకవాసి తేడా ఎప్పుడూ ఉంటాది, దాన్ని లెక్కలోకి తీసుకోం. గోడమీద గీత చూడు, ఎంత తిన్నగుందో!"

వెంట వచ్చిన సన్యాసిరావు మెడలోంచి పలక ఊడదీసి, శ్రుతిగూటిలో పెట్టి, బయటికి నడిచాడు.

పచ్చదీపం వెలిగింది.